రంగూను రేవు కూలీల సమ్మె (1930)

రంగూను రేవు కూలీల సమ్మె 1930 మే నెలలో బర్మా (నేటి మయన్మార్) దేశపు ప్రధాన ఓడరేవు అయిన రంగూనులో తెలుగు కూలీలు కూలి పెంపు కోరుతూ చేసిన సమ్మె. సమ్మె పరిష్కారమై కూలీలు తిరిగి పనిలోకి వచ్చిన మే 26న, వారికీ, సమ్మె కాలంలో వారి స్థానంలో పని చేసిన బర్మీయ కూలీలకూ మధ్య ఘర్షణ మొదలైంది. అది నగరమంతటా అల్లర్లుగా వ్యాపించింది. ప్రభుత్వ లెక్కల ప్రకారం సుమారు 120 మంది మరణించగా, 900 మంది గాయపడ్డారు. మృతుల సంఖ్య ఇంతకన్నా చాలా ఎక్కువని ఇతర అంచనాలు ఉన్నవి. చనిపోయినవారిలో అధికసంఖ్యాకులు తెలుగువారు.

ఈ కూలీలు గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాలనుండి కాకినాడ మొదలైన రేవులలో ఓడ ఎక్కి బంగాళాఖాతం దాటి వెళ్ళినవారు. ప్రయాణికులుగా ఓడ ఎక్కినవారే ఆవలి ఒడ్డున అదే ఓడలకు సరుకు ఎత్తి దించే కూలీలు కావడం ఈ చరిత్రలోని విశేషము. అందుచేత రంగూను రేవులో పని నిలిచిపోతే దాని ఫలితం గోదావరి డెల్టా గ్రామాలలో వెంటనే కనిపించేది.

పేర్లు

కోస్తా జిల్లాల వాడుకలో రంగూనుకు "రంగం" అని పేరు. "రంగం వెళ్ళాడు" అంటే సంపాదనకై బర్మా వెళ్ళాడని అర్థం. బర్మాలో తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచేవారు. గోదావరి గౌతమీ పాయ ముఖద్వారం వద్దనున్న కోరంగి రేవునుండి మొదటి తరాలవారు వెళ్ళడంచేత ఈ పేరు వచ్చింది. తరువాతి కాలంలో ఆ రేవును కన్నెత్తి చూడనివారికి, శ్రీకాకుళం ప్రాంతంవారికి సైతం ఈ పేరే స్థిరపడింది. ఆనాటి ఇంగ్లీషు ప్రభుత్వ నివేదికలలో కూడా తెలుగు కూలీలను కోరంగీలనే వ్రాశారు. ఒక రేవు మూతబడిన తరువాత కూడా దాని పేరు లక్షకు పైబడిన జనానికి నిలిచిపోవడం అరుదైన విషయము.

ఓడ ఎక్కే రేవు: కోరంగి నుండి కాకినాడకు

కోరంగి ప్రస్తుతం కాకినాడ జిల్లా తాళ్ళరేవు మండలంలోని గ్రామము. 18వ శతాబ్దంలోను, 19వ శతాబ్దపు తొలి భాగంలోను ఇది కోరమాండల్ తీరంలో ముఖ్యమైన ఓడల నిర్మాణ, మరమ్మతు కేంద్రం. కొయ్య ఓడలను అడుగుభాగం బాగుచేయడానికి నదిలోనికి తెచ్చి నిలిపే వీలు ఈ తీరంలో చాలా తక్కువ చోట్ల ఉండేది. 1789 డిసెంబరులో వచ్చిన తుఫాను ఉప్పెనలో ఇక్కడ సుమారు 20,000 మంది మరణించారని చెబుతారు. 1839 నవంబరు 25న వచ్చిన మరొక ఉప్పెన పట్టణాన్ని దాదాపుగా తుడిచిపెట్టింది. ఈ రెండవ ఉప్పెనలో మూడు లక్షలమంది చనిపోయినట్లు అనేక గ్రంథాలలో ఉన్నది. ఆనాటి కోరంగి ఒక చిన్న రేవుపట్టణం మాత్రమేనన్న సంగతి గమనిస్తే ఈ అంకెను ఉన్నదున్నట్లుగా స్వీకరించడం కష్టము.

కోరంగి క్షీణతకు ఉప్పెనలతోబాటు గోదావరి ఒండ్రు కూడా కారణము. నది ఏటా తెచ్చే మట్టి, ఇసుక నదీముఖాన్ని పూడ్చివేయగా పెద్ద ఓడలు లోనికి రాలేని స్థితి ఏర్పడింది. ఇదే ఒండ్రు సముద్రంలో ఉత్తర దిశగా పేరుకొని హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవిగా పెరిగి, కాకినాడ సముద్రాన్ని అలల ధాటినుండి కాపాడే సహజమైన అడ్డుకట్ట అయింది. అనగా గోదావరి ఒక రేవును పూడ్చి, ఉత్తరాన మరొక రేవుకు నీడనిచ్చింది. కాకినాడలోని జగన్నాథపురం 1825లో డచ్చివారినుండి బ్రిటిషువారికి సంక్రమించింది. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధకాలంలో ఇంగ్లండుకు భారతీయ ప్రత్తి అవసరం పెరగడంతో కాకినాడ వర్తకం వృద్ధి చెందింది.

కాకినాడలో ఓడ ఒడ్డుకు ఆనేది కాదు. తీరం వద్ద లోతు చాలదు గనుక ఆవిరి ఓడలు కొన్ని మైళ్ళ దూరంలో లంగరు వేసేవి. సరుకులు, మనుషులు కాలువలోనుండి పడవలమీద బయలుదేరి సముద్రంలో ఓడను చేరేవారు. అలలమీద ఊగే పడవనుండి ఓడ నిచ్చెన పట్టుకోవడం మూట, బిడ్డ చేతిలో ఉన్నవారికి కష్టమైన పనే. తుఫానుల కాలంలో పడవలు కదలకపోతే ఓడ వచ్చినా ఎక్కే వీలు ఉండేది కాదు.

డెల్టా లోపలి గ్రామాలనుండి కాకినాడకు చేరడానికి పంటకాలువలే రహదారులుగా ఉపయోగపడినవి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టనుండి బయలుదేరే కాలువలు నీటిపారుదలకే గాక పడవ ప్రయాణానికి కూడా అనువుగా నిర్మించబడ్డాయి. 1890లలో మద్రాసు-కలకత్తా రైలుమార్గం సామర్లకోట మీదుగా ఏర్పడిన తరువాత దూరప్రాంతాలవారు రైలులో వచ్చేవారు. ఆనకట్ట వలన రెండు పంటలు పండే డెల్టానుండి కూలీలు వలస వెళ్ళడం చదువరులకు వింతగా తోచవచ్చును. నీరు భూమి ఉన్నవానికి లాభించింది. భూమి లేనివానికి నాట్లు, కోతల కాలంలో పని దొరికేది గాని మిగిలిన నెలలలో దొరికేది కాదు. బర్మాలో బియ్యపు మిల్లులకు, రేవుకు మనుషులు కావలసిన కాలం ఇక్కడి కోతల తరువాతనే వచ్చేది.

ఓడ కంపెనీ, ప్రయాణం

బంగాళాఖాతంమీద ప్రయాణికుల రవాణాలో ప్రధాన సంస్థ బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. ఇది 1856లో కలకత్తా అండ్ బర్మా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా ప్రారంభమై 1862లో ఈ పేరు పొందింది. తపాలా రవాణా ఒప్పందాలు దీనికి ఆధారం. దీని ఓడలు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపూర్ వంటి రేవులలో కూలీలను ఎక్కించుకొని రంగూను చేరేవి. కూలీల టిక్కెట్టు ఓడ పైతట్టు (డెక్కు) టిక్కెట్టు. చాప, నీళ్ళకుండ, అటుకులో చద్దిమూటో వెంట తెచ్చుకొని తట్టుమీదే పడుకొనేవారు.

1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిషు భారతదేశంలో ఒక రాష్ట్రంగా ఉండినది. కాబట్టి రంగూనుకు వెళ్ళడం చట్టరీత్యా విదేశీయానం కాదు. నైపుణ్యం లేని కూలీల వలసను అదుపుచేయడానికి 1922లో చేసిన ఎమిగ్రేషను చట్టం సింహళం, మలయా వంటి దేశాలకు వర్తించింది గాని బర్మాకు వర్తించలేదు. మలయా వెళ్ళే కూలీకి లభించిన పాటి ప్రభుత్వ రక్షణ కూడా రంగూను వెళ్ళే కూలీకి లేకపోయినది. 1920ల చివరి సంవత్సరాలలో ఏటా సుమారు నాలుగు లక్షలమంది భారతీయులు రంగూనులో దిగేవారు. దాదాపు అదే సంఖ్యలో తిరిగి వెళ్ళేవారు. 1931 జనాభా లెక్కలలో రంగూను నగర జనాభా సుమారు నాలుగు లక్షలు కాగా, అందులో సగానికి పైగా భారతీయులే. ఆ లెక్కల ప్రకారం బర్మా మొత్తంమీద తెలుగువారు సుమారు లక్షన్నర మంది. వారిలో మగవారే ఎక్కువ. ఆడవారు, పిల్లలు, ముసలివారు ఊళ్ళలో ఉండిపోయేవారు. మనియార్డరు వచ్చిందా లేదా అన్నదానిమీద ఇక్కడి ఇల్లు గడిచేది.

మేస్త్రీల పద్ధతి

కూలీకి, ఓడ కంపెనీకి నడుమ నేరు సంబంధం ఉండేది కాదు. ఓడలోని సరుకు ఎత్తడం, దించడం స్టివెడోర్ కంపెనీలు గుత్తకు తీసుకొనేవి. ఆ కంపెనీలు పెద్ద మేస్త్రీకి, పెద్ద మేస్త్రీ క్రింది గుత్తేదారులకు, వారు జట్టు మేస్త్రీలకు పని అప్పగించేవారు. జట్టు మేస్త్రీ సాధారణంగా కూలీల ప్రాంతంవాడే. అతడే ఊరికి వచ్చి మనుషులను కూర్చుకొనేవాడు. పాత బాకీ తీర్చుకోవడానికో, ఇంట్లో పెళ్ళికో, ఓడ టిక్కెట్టుకో బయానా ఇచ్చేవాడు. ఆ బయానా తీరేవరకు కూలీ అతనిని విడిచి వేరొకచోట పనికి పోరాదు.

కంపెనీ ఇచ్చిన కూలి పైనుండి క్రిందికి దిగివచ్చేసరికి ప్రతి మెట్టుమీద కొంత తరిగేది. భోజనం, బస మేస్త్రీ ఏర్పాటు చేస్తే వాటి ఖర్చు మళ్ళీ కూలిలో కోత. కంపెనీ పుస్తకాలలో కనిపించే కూలి రేటు వేరు, కూలీ చేతికి వచ్చే డబ్బు వేరు. 1929లో నియమితమైన రాయల్ లేబర్ కమిషన్ (అధ్యక్షుడు జాన్ హెన్రీ విట్లీ) బర్మాలో కూడా విచారణ జరిపి 1931లో నివేదిక సమర్పించింది. రంగూనులో వలస కూలీల వ్యవహారాలు చూసిన అధికారి ఇ. జె. ఎల్. ఆండ్రూ 1933లో ఈ విషయంపై ఒక గ్రంథము ప్రచురించాడు. మేస్త్రీల పద్ధతిని గురించి తెలుసుకోగోరువారికి ఈ రెండూ ముఖ్యమైనవి.

మేస్త్రీని కేవలం దోపిడీదారుగా చిత్రించడం కూడా పూర్తి సత్యం కాదు. భాష తెలియని నగరంలో జబ్బుపడితే చూసేవాడు, ఉత్తరం వ్రాయించేవాడు, చనిపోతే ఊరికి కబురు పంపేవాడు అతడే. అప్పు, ఆసరా ఒకే చేతిలో ఉండటంచేత కూలీ అతనిని ఎదిరించడం దుస్సాధ్యమైనది.

రేవులో పని

బర్మా ఆ రోజులలో ప్రపంచంలో బియ్యం ఎగుమతిలో మొదటి స్థానంలో ఉండేది. ఏటా ముప్పై లక్షల టన్నుల వరకు ఎగుమతి అయ్యేది. అందులో అధికభాగం రంగూను రేవునుండి పోయేది. బియ్యపు బస్తాలను పడవలనుండి, గోదాములనుండి ఓడలోనికి ఎక్కించి, అడుగు అరలలో వరుసలు తప్పకుండా పేర్చడం జట్టుపని. ఒక జట్టులోని మనుషులు ఒకే ఊరివారు, చుట్టరికం కలవారు కావడంచేత మాట, చేయి కలిసేవి. అలవాటైన జట్టు ఓడను తొందరగా నింపేది. ఓడ రేవులో ఒక రోజు ఎక్కువగా నిలబడితే కంపెనీకి నష్టం గనుక, తెలుగు కూలీలకు అక్కడ ఉన్న బలమంతా ఈ వేగంలోనే ఉన్నది.

అయితే ఈ పని రోజువారీ పని. ఓడ వస్తే పని, రాకపోతే పస్తు. ఇది రంగూనుకే పరిమితమైన సమస్య కాదు. లండను రేవు కూలీలు 1889లో గంటకు ఆరు పెన్నీల కూలికోసం చేసిన ప్రసిద్ధమైన సమ్మెకు కూడా మూలకారణం ఈ నిలకడలేని పనే. లండను కూలీలకు సంఘం ఏర్పడింది, పత్రికలు, మతపెద్దలు అండగా నిలిచారు. రంగూనులోని తెలుగు కూలీకి తాను ఉంటున్న నగర ప్రజల సానుభూతి సైతం లేదు.

సమ్మె

1930 మే నెల రంగూనుకు అశుభంగా ఆరంభమైనది. మే 5 రాత్రి వచ్చిన భూకంపంలో పెగూ పట్టణం నేలమట్టమై వందలమంది మరణించారు. రంగూనులో కూడా ఇళ్ళు కూలి ప్రాణనష్టం జరిగింది. ఉప్పు సత్యాగ్రహంలో ఉన్న మహాత్మా గాంధీని ప్రభుత్వం నిర్బంధించినది కూడా ఆ రోజుననే. ఈ వాతావరణంలో రేవులోని సుమారు 2,000 మంది తెలుగు కూలీలు పని మానివేశారు. గాంధీ నిర్బంధానికి నిరసనగా సమ్మె మొదలైందని కొన్ని రచనలలో కనిపిస్తుంది. అది తక్షణ ప్రేరణ కావచ్చును గాని, సమ్మె వారాల తరబడి సాగినది కూలి పెంపుకోసమే.

స్టివెడోర్ కంపెనీలు కూలీల కోరికకు లొంగక, ఓడలు నిలిచిపోకుండా బర్మీయ కూలీలను పనిలోకి తీసుకొన్నాయి. రంగూను రేవులో ఈ పనికి బర్మీయులు అంత పెద్ద సంఖ్యలో రావడం అంతకుముందు లేదు. వారు రావడానికీ బలమైన కారణమే ఉన్నది. ధాన్యం ధర పడిపోతున్నది. అప్పుల క్రింద దిగువ బర్మా రైతుల పొలాలు వడ్డీ వ్యాపారుల పాలవుతున్నవి. పొలం పోయి పట్నం చేరిన బర్మీయునికి రేవు, మిల్లు, రిక్షా, పారిశుద్ధ్యం మొదలైన పనులన్నీ భారతీయుల చేతులలో కనిపించేవి. తన దేశంలో తనకు పని లేకపోయెనన్న బాధ అతనికి ఉన్నది. తాను నిరాకరించిన కూలికి మరొకడు పనిలోకి వచ్చెనన్న కోపం తెలుగు కూలీకి ఉన్నది.

అలవాటు లేనివారు చేయడంచేత పని నెమ్మదిగా సాగింది. చివరకు కంపెనీలు కొంత కూలి పెంచి తెలుగు కూలీలతో రాజీపడ్డాయి. వారు మే 26 ఉదయం పనిలోకి రావలసి ఉన్నది. అయితే బర్మీయ కూలీలకు ఇక పని లేదన్న సంగతి ముందుగా సరియైన రీతిలో తెలియపరచలేదు. ఆ ఉదయం వారు కూడా యథాప్రకారం రేవుకు వచ్చారు. ఒకే పనికి రెండు జట్లు ఎదురుపడ్డాయి. వెనుకకు పొమ్మన్న బర్మీయులను చూసి తెలుగు కూలీలు నవ్వారనీ, ఎగతాళి మాటలు రువ్వారనీ, దానితో కొట్లాట రేగిందనీ ఆనాటి కథనాలు చెబుతున్నవి.

ఈ ఘట్టాన్ని జాతి వైరంగానే వర్ణించడం పరిపాటి. వైరం లేకపోలేదు. కాని ఆ ఉదయం రెండు పక్షాలనూ ఒకే ఒడ్డుమీద నిలబెట్టినది కంపెనీల నిర్లక్ష్యము. మూడు వారాలు తమకు అక్కరకు వచ్చిన మనుషులను ఒక్కమాటతో పంపివేయవచ్చునని వారు భావించారు. అందుకు మూల్యం చెల్లించినవారిలో కంపెనీల యజమానులు లేరు.

అల్లర్లు

రేవులో మొదలైన కొట్లాట గంటల వ్యవధిలో నగరంలోని తెలుగువారి బసలకు వ్యాపించింది. కర్రలు, కత్తులతో గుంపులు కూలీల బసలమీద పడ్డాయి. పారిపోయే దారి లేక నదిలో పడి మరణించినవారు ఉన్నారు. రిక్షా లాగేవారు, పాకీపనివారు, వీధులలో సరుకులు అమ్మేవారు, రేవు సమ్మెతో ఏ సంబంధమూ లేనివారు కూడా తెలుగువారైనందున దాడులకు గురి అయ్యారు. సంఖ్యలో భారతీయులే ఎక్కువగా ఉన్న నగరంలో దాడులు ముఖ్యంగా తెలుగు కూలీలమీదనే కేంద్రీకృతమైనవి. పోలీసులు చాలక సైన్యాన్ని పిలిచారు. కొన్ని రోజులకు గాని శాంతి నెలకొనలేదు.

కొన్ని వేలమంది తెలుగువారు నగరంలో ఖాళీగా ఉన్న పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకొన్నారు. వారు దాగి ఉండటంచేత రేవు, మిల్లులు, వీధుల శుభ్రత, మరుగుదొడ్ల పని ఒక్కసారిగా నిలిచిపోయినవి. రంగూను నగరం ఎవరి శ్రమమీద నడుస్తున్నదో ఆ వారం రోజులలో అందరికీ తెలిసివచ్చింది. అప్పుడు రంగూనులో జిల్లా మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కాలిస్ తరువాత వ్రాసిన "ట్రయల్స్ ఇన్ బర్మా" గ్రంథంలో ఈ సంఘటనలను వివరించాడు. అధికారి కోణంనుండి వ్రాసినదే అయినా, కళ్ళారా చూసినవాని కథనం కావడంచేత దానికి విలువ ఉన్నది. కూలీల పక్షాన ఇటువంటి వ్రాతపూర్వకమైన కథనం లేకపోవడం పెద్ద లోటు. వారిలో చాలామంది చదువు రానివారు.

కోస్తా జిల్లాలపై ప్రభావం

అల్లర్ల తరువాత వేలాది భారతీయులు దొరికిన ఓడలలో స్వదేశానికి బయలుదేరారు. సాధారణ సంవత్సరాలలో బియ్యపు సీజను ముగిసిన వెనుక కూడబెట్టిన డబ్బుతో, పిల్లలకు బట్టలతో, రంగం పెట్టెతో దిగే మనుషులు ఈసారి కట్టుబట్టలతో దిగారు. మేస్త్రీ వద్ద తీసుకొన్న బయానా తీరలేదు. రంగూనులో నష్టపోయిన కూలి అక్కడే పోయింది గాని, దాని హామీగా ఉన్న బాకీ ఊరిలో మిగిలింది.

అదే సమయంలో ప్రపంచ ఆర్థికమాంద్యంవలన ధాన్యం ధర గోదావరి జిల్లాలలో కూడా పడిపోయి, ఇక్కడి రైతు కూలిరేటు తగ్గించుకోసాగాడు. కనుక వెళ్ళడానికి భయం, ఉండటానికి పని లేకపోవడం రెండూ ఒకేసారి ఎదురైనవి. 1930 తరువాత రంగూను ప్రయాణికుల సంఖ్య తగ్గింది గాని వలస ఆగిపోలేదు. అల్లర్లు చూసి వచ్చినవారిలో కూడా కొందరు మళ్ళీ పడవ ఎక్కి లంగరు వేసిన ఓడ చేరారంటే, ఊరిలో వారి పరిస్థితిని ఊహించుకోవచ్చును.

విశాఖపట్నంలో 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ కొత్త లోపలి రేవులో ప్రవేశించింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ఆ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. ఇక్కడ ఓడ నేరుగా గట్టుకు ఆనుతుంది. పడవలమీద ఎక్కించే కాకినాడకు, భీమునిపట్నం, కళింగపట్నం వంటి చిన్న రేవులకు ఇది గట్టిపోటీ అయింది. కోరంగినుండి కాకినాడకు మారిన ప్రాముఖ్యము ఈ విధంగా కొంత ఉత్తరానికి జరిగింది. ఈ తీరంలో రేవులు మారడానికి మూలకారణం ఎక్కువగా నీటిలోతు. రేవు కూలీల వివాదం మనుషులు ఎక్కే రేవును మార్చలేదు గాని, ఎక్కే మనుషుల సంఖ్యను, వారి ధైర్యాన్ని మార్చింది.

తరువాతి పరిణామాలు

బర్మా రాజకీయాలపై ఈ అల్లర్ల ప్రభావం గాఢమైనది. 1930లోనే, ఈ సంఘటనల నేపథ్యంలో, "దొబమా ఆసియాయోన్" (మన బర్మీయుల సంఘం) స్థాపించబడింది. బర్మా స్వాతంత్ర్యోద్యమ నాయకులు చాలామంది ఈ సంఘంనుండి వచ్చినవారే. 1930 డిసెంబరులో సయా సాన్ నాయకత్వాన తారావడీ జిల్లాలో రైతు తిరుగుబాటు మొదలైంది. ఆ కాలంలో పల్లెలలోని భారతీయ కూలీలు కూడా దాడులకు గురైనారు. రంగూను రేవు పనిలో బర్మీయులకు వాటా ఉండాలన్న ఏర్పాటు అమలులోకి వచ్చింది. 1938 జులైలో మళ్ళీ పెద్దయెత్తున భారతీయ వ్యతిరేక అల్లర్లు జరిగినవి. ఆ సరికి బర్మా భారతదేశంనుండి విడిపోయినది. వలసలను పరిమితం చేస్తూ 1941లో ఉభయ ప్రభుత్వాలమధ్య ఒప్పందం కుదిరినది గాని, యుద్ధం దానిని నిరర్థకం చేసింది.

రేవు కూలీలకు పేర్ల నమోదు ఉండాలనీ, పని అందరికీ వంతులవారీగా పంచాలనీ రాయల్ లేబర్ కమిషన్ 1931లో సూచించింది. భారతదేశంలో ఇది చట్టరూపం ధరించడానికి 1948 వరకు పట్టింది. ఆ సంవత్సరం చేసిన డాక్ వర్కర్స్ (రెగ్యులేషన్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్) చట్టం క్రింద పెద్ద రేవులలో డాక్ లేబర్ బోర్డులు ఏర్పడ్డాయి. ఓడ లేని రోజున కూడా నమోదైన కూలీకి కొంత భత్యం లభించే పద్ధతి అప్పుడు వచ్చింది. రంగూను కూలీలకు ఆ అవకాశం చిక్కలేదు.

రంగూను ఓడల ముగింపు

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు వేశాయి. రేవు ప్రాంతంలో జనం అధికంగా మరణించగా మిగిలిన కూలీలు నగరం విడిచి పారిపోయారు. పదకొండేళ్ళ తరువాత రంగూను రేవు తెలుగు కూలీలు లేక మరల స్తంభించినది. ఈసారి దానిని నడిపించడానికి వేరే కూలీలను తెచ్చే వ్యవధి కూడా కంపెనీలకు లేకపోయినది. 1942 మార్చి 8న నగరం జపాను వశమైంది. ఓడలో చోటు దొరకని లక్షలాది భారతీయులు అరకాను, మణిపురం కొండల మీదుగా కాలినడకన బయలుదేరారు. వేలమంది త్రోవలోనే ఆకలితో, జ్వరంతో మరణించారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ, విశాఖపట్నం రేవులమీద కూడా బాంబులు వేశాయి. దీనితో కాకినాడ-రంగూను ప్రయాణికుల రాకపోకలు తెగిపోయినవి. యుద్ధానంతరం పూర్వపు స్థాయిలో అవి ఎన్నడూ జరగలేదు.

బర్మాలో మిగిలిన తెలుగువారిలో అనేకులు 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం అధికారానికి వచ్చి వ్యాపారాలను జాతీయం చేసిన తరువాత, 1964 నుండి తిరిగి వచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు అట్లు వచ్చిన కుటుంబాల నివాసప్రాంతము.

ప్రస్తుత స్థితి

కోరంగి వద్ద ఇప్పుడు రేవు లేదు. దాని పరిసరాలలోని మడ అడవులు 1978లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించబడ్డాయి. దగ్గరలోని తాళ్ళరేవులో కొయ్య పడవల నిర్మాణం పాత వృత్తికి గుర్తుగా నిలిచింది. కాకినాడలో లంగరు రేవుతో పాటు 1997లో లోతునీటి రేవు పని ప్రారంభించింది. బియ్యం ఎగుమతికి ఇది దేశంలోని ముఖ్యమైన రేవులలో ఒకటి. బర్మా బియ్యం ఎత్తడానికి మనుషులను పంపిన రేవునుండి నేడు ఆంధ్ర బియ్యం విదేశాలకు వెళ్తున్నది. ప్రయాణికుల ఓడలు మాత్రం కాకినాడకు రావడం లేదు. విహారనౌకల తెలుగు రేవు విశాఖపట్నమే. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహారనౌక అక్కడనుండి ప్రయాణాలు మొదలుపెట్టింది. పుదుచ్చేరిలో ఆగడానికి ఆనాడు అక్కడి ప్రభుత్వం అనుమతించకపోవడంతో ప్రయాణమార్గాన్ని మార్చుకోవలసివచ్చింది. విశాఖపట్నంలో విహారనౌకల కోసం ప్రత్యేకంగా నిర్మించిన టెర్మినల్ 2023 సెప్టెంబరు 4న ప్రారంభమైనది.